పాత వ్యాను, మరమ్మతుల పద్దు

చాలా రోజులుగా వ్రాయాలనుకొని వాయిదా వేస్తూ వచ్చిన విషయమిది. పద్యాలూ పాత పుస్తకాలూ తప్ప మరొకటి పట్టని ఈయనకు ఉన్నట్టుండి ఇంజిన్ల మీదికి ధ్యాస ఎందుకు మళ్ళిందని మిత్రులు అనుకోవచ్చు. నిజం చెప్పాలంటే గడచిన నాలుగేళ్ళలో నేను అన్నిటికన్నా శ్రద్ధగా వ్రాసినది మా వ్యాను మరమ్మతుల పద్దే. తారీఖు, కిలోమీటర్లు, వేసిన సామాను, కూలి, మొత్తం అని అయిదు గడులు గీసి ఒక నోటుపుస్తకంలో వ్రాస్తూ వచ్చాను. ఆ పుస్తకాన్ని కూడి చూడవలసిన అవసరం ఇప్పుడు వచ్చింది. పాత వ్యాను కొనే ఆలోచనలో ఉన్నవారికి కూడా ఆ లెక్క కొంత పనికివస్తుందని ఈ టపా వ్రాస్తున్నాను.

ముందుగా, వ్యానే ఎందుకన్నది చెప్పాలి. మా అమ్మకు ఎనభై ఒకటి. 2021 చివరలో ఆమె మూత్రపిండాలు రెండూ పనిచేయడం మానివేశాయి. అప్పటినుండి వారానికి మూడుసార్లు, విడతకు నాలుగు గంటల చొప్పున డయాలసిస్. మేముండేది తెనాలిలో. ఆమెను మొదటినుండి చూస్తున్న వైద్యులు గుంటూరులో ఉన్నారు. రానూపోనూ అరవై కిలోమీటర్లు. మోకాళ్ళు వంగని మనిషిని మామూలు కారులో ఎక్కించడం ఎంత కష్టమో చేసినవారికే తెలుస్తుంది. తల వంచాలి, నడుము వంచాలి, కాళ్ళు మడిచి లోపలికి లాగాలి. ఆ మూడూ ఒకేసారి జరగాలి. మారుతి ఓమ్నీ వ్యానుకు ఆ బాధ లేదు. పక్క తలుపు వెనక్కు జరుగుతుంది. సీటు ఇంచుమించు నడుము ఎత్తున ఉంటుంది. చక్రాల కుర్చీని తలుపుకు ఆనించి, ఒక్కసారి లేపి, పక్కకు తిప్పితే చాలు. నాకు అరవై రెండేళ్ళు. ఆ ఒక్కసారి లేపడమే ఇప్పుడు నా చేతనయిన పని. ప్రైవేటు జూనియర్ కళాశాలలో తెలుగు చెప్పి విరమించినవాణ్ణి కనుక పింఛను లేదు. అందుచేత కొత్త బండి మాట తలపెట్టలేదు. 2022 జనవరిలో, 2006 నాటి ఓమ్నీని ఒక బట్టల వ్యాపారి దగ్గర 85,000 రూపాయలకు కొన్నాను. అప్పటికది 68,000 కిలోమీటర్లు తిరిగింది.

ఈ వాహనాన్ని ఎరుగని తెలుగువాడు ఉండడు. 1984లో ‘మారుతి వ్యాన్’ పేరుతో వచ్చింది. 1988లో ఓమ్నీ అని పేరు మారింది. 2019లో ఉత్పత్తి ఆగిపోయింది. ముప్పై అయిదేళ్ళపాటు బడిపిల్లలను మోసింది, పూలబుట్టలు మోసింది, పల్లెల నుండి రోగులను పట్నాలకు చేర్చింది. మన సినిమాల్లో కథానాయికను ఎత్తుకుపోవడానికి కూడా ఈ జరుగుడు తలుపు వ్యానే కావలసి వచ్చేది. ప్రతినాయకుడు చూసుకున్న సౌకర్యమే నేనూ చూసుకున్నాను: తలుపు ఇట్టే తెరుచుకుంటుంది, మనిషి ఇట్టే లోపలికి వచ్చేస్తుంది.

దీని మరమ్మతులు అర్థం కావాలంటే దీని కట్టుబాటు తెలియాలి. మారుతి 800లో ఉన్న 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజినే ఇందులోనూ ఉంటుంది. అయితే అది ముందు మూతి కింద కాకుండా ముందు సీట్ల అడుగున ఉంటుంది. అక్కడినుండి ఒక పొడవైన షాఫ్టు వెనక చక్రాలకు శక్తిని అందిస్తుంది. నాలుగే గేర్లు. వెనకవైపు కమాను కట్టలు. నేలకు దగ్గరగా, ఇంజిను వేడికి పైన, పలుచని రేకుతో అల్లిన పెట్టె ఇది. దీనికి వచ్చే జబ్బులన్నీ ఈ నిర్మాణం నుండి పుట్టినవే. వేడి వల్ల కొన్ని, తుప్పు వల్ల కొన్ని, షాఫ్టు పొడవు వల్ల కొన్ని. తయారు చేసినవారిని అనడానికేమీ లేదు. ఇరవై ఏళ్ళ వయసున్న ఏ ఇనుమైనా ఇంతే.

మా మేస్త్రి తెనాలిలో ఒక చింతచెట్టు కింద పని చేస్తాడు. మేస్త్రి అన్న మాట పోర్చుగీసు నుండి వచ్చిందనీ, మరమ్మతు అరబ్బీ మాట అనీ, కమాను పారసీకంలో విల్లు అనీ ఒకసారి అతనికి చెప్పాను. అతను స్పానరు దించకుండానే, “అయితే మాస్టారూ, ఈ పనిలో మన తెలుగుది ఏమీ లేదాండీ?” అని అడిగాడు. కొంచెం ఆలోచించి, “తుప్పు” అన్నాను. చాలాసేపు నవ్వాడు.

నిజానికి ఆ తుప్పుతోనే మొదలుపెట్టాలి. పాత ఓమ్నీ కొనేవారు ఇంజిను శబ్దం వినడానికి ముందు నేల మీది మ్యాటు ఎత్తి చూడాలి. ముందు కాళ్ళు పెట్టుకొనే చోట, జరుగుడు తలుపు పట్టాల కింద, వెనక చక్రాల పైభాగాన నీరు నిలుస్తుంది. డెల్టా గాలిలో తేమ ఎక్కువ. పైన రంగు బాగానే కనిపిస్తుంది, కింద రేకు అప్పడంలా ఉంటుంది. స్క్రూ డ్రైవరు పిడితో మెల్లగా తట్టితే తెలుస్తుంది. గట్టి రేకు ఖంగుమంటుంది, తినేసిన రేకు పొడిపొడిగా రాలుతుంది. పుట్టీ పెట్టి రంగు వేసిన చోట అయస్కాంతం సరిగా అంటుకోదు. కనుక జేబులో చిన్న అయస్కాంతం ఒకటి ఉంచుకోవడం మంచిది.

మా బండికి 2023లో నేల మార్పించవలసి వచ్చింది. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఈ పని చేసే టింకర్లు వరుసగా ఉంటారు. అక్కడి వీధుల్లో నడిస్తే ఒక బండిని పుట్టించడానికి ఎన్ని చేతులు కావాలో అర్థమవుతుంది. కమాన్లకొక వీధి, సీట్లకొక వీధి, రేడియేటర్లకొక వీధి. మా నేలను చూసిన టింకరు రెండు మార్గాలు చెప్పాడు. చిల్లుల మీద అతుకులు వేస్తే నాలుగు వేలు, రెండు వానాకాలాలు ఆగుతుంది. తినేసిన భాగం మొత్తం కోసివేసి, కొత్త రేకు వేసి, అడుగున తుప్పు నిరోధక పూత పూస్తే రంగుతో కలిపి 14,500, అయిదారేళ్ళు చూసుకోనక్కరలేదు. రెండవదానికే ఒప్పుకున్నాను. నా కాళ్ళ కింద నేల ఎలా ఉన్నా ఫరవాలేదు. అమ్మ చక్రాల కుర్చీ బరువంతా పడేది ఆ నేలమీదే.

ఇక్కడ మిత్రులు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటున్నది. నేల రేకు పోతే మార్చవచ్చు. దాని అడుగున పొడవునా ఉండే చాసిస్ దూలాలు తుప్పు పట్టి గుల్లబారితే మార్చడం దండగ. కమాను కట్టలు బిగించే చోట, ముందు చక్రాల చేతులు తగిలించే చోట తుప్పు కనిపిస్తే ఆ బండి ఎంత చవకగా వచ్చినా కొనరాదు. అక్కడ విరిగితే చక్రమే బండికి దూరమవుతుంది.

తుప్పు తరువాతి స్థానం నీళ్ళది. ఓమ్నీ ఇంజినుకు మామూలు కారులో లాగా గాలి ధారాళంగా తగలదు. నీటి పంపు, థర్మోస్టాటు, రబ్బరు గొట్టాలు, రేడియేటరు, ఫ్యాను – వీటిలో ఏ ఒక్కటి సరిగా లేకపోయినా ఇంజిను వేడెక్కుతుంది. కొన్న నెలలోనే ఇవన్నీ విప్పించి, రేడియేటరు శుభ్రం చేయించి, పంపూ గొట్టాలూ కొత్తవి వేయించాను. 5,400 అయింది. ఆపైన రెండేళ్ళు ఏ ఇబ్బందీ లేదు.

2024 మే నెల, రోళ్ళు పగిలే రోహిణి కార్తె. ఆ నెలలో అమ్మ విడత పదకొండు గంటలకు మారింది. నారాకోడూరు దాటాక బండి బలం తగ్గినట్టనిపించింది. ఉష్ణోగ్రత ముల్లు చూశాను. అది సగానికి కిందనే ఉన్నది. మరి కొద్ది దూరం పోకముందే సీటు కింద నుండి ఆవిరి వచ్చింది. ఇంజిను ఆపి, సీటు ఎత్తి చూస్తే నీళ్ళన్నవి లేవు. ఇంజినుకు ఆనుకొని, పైనుండి కంటికి కనిపించని చోట ఉన్న ఇనుప నీటి గొట్టం తుప్పుతో చిల్లుపడింది. మరి ముల్లు ఎందుకు లేవలేదని తరువాత మేస్త్రిని అడిగాను. వేడిని కొలిచే సెన్సరు నీళ్ళలో మునిగి ఉంటేనే సరిగా చెబుతుందట. నీళ్ళు మొత్తం పోతే అది గాలిని కొలుస్తుంది, ముల్లు కింద పడి ఉంటుంది. అంటే ప్రమాదం చిన్నదిగా ఉన్నప్పుడు హెచ్చరించే ముల్లు, ప్రమాదం పెద్దదైనప్పుడు మౌనం వహిస్తుందన్నమాట. పాత బండి నడిపేవారందరూ ఇది తెలుసుకోవాలి. ముల్లును మాత్రమే నమ్మకూడదు. చల్లగా ఉన్నప్పుడు మూత తీసి నీటి మట్టం కళ్ళతో చూసుకోవాలి.

ఆ రోజు ఖాళీగా గుంటూరు వెళుతున్న ఒక ఆటో అబ్బాయి ఆగాడు. చక్రాల కుర్చీ మడిచి ఆటో పైన కట్టాడు. మేము చేరేసరికి గంటన్నర ఆలస్యమైంది, మంచం మరొకరికి ఇచ్చేశారు. వారిని అనవలసినది లేదు. అక్కడ ప్రతి మంచానికీ వరుస ఉంటుంది, ప్రతి వరుసలోనూ మా అమ్మలాంటి మనిషి ఉంటారు. సాయంత్రం విడత వరకు కూర్చోవలసి వచ్చింది. డయాలసిస్ మనిషికి ఒంట్లో చేరిన నీటిని యంత్రమే తీయాలి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ నీరు ఊపిరితిత్తుల దాకా వస్తుంది. నాలుగు గంటలపాటు అమ్మ ఆయాసపడుతుంటే విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. అంత ఆయాసంలోనూ ఆమె అన్న మాట ఇది: “నాకేమో ఒంట్లో నీళ్ళెక్కువ, దానికేమో నీళ్ళు చాలవు. ఇద్దరి మధ్యా నువ్వు నలిగిపోతున్నావురా నాయనా.”

ఇంజినుకు హెడ్ గ్యాస్కెట్ పోయింది. అల్యూమినియం హెడ్డు వేడికి వంగుతుంది. దాన్ని లేతు మీద పెట్టి సమానంగా చెక్కించాలి. ఎటూ విప్పారు కాబట్టి, లక్ష కిలోమీటర్లు దగ్గర పడుతున్నందున టైమింగ్ బెల్టు కూడా మార్పించాను. అన్నీ కలిపి 9,800. ఇనుప గొట్టం ధర అందులో ఎంతో తెలుసా? మూడువందల యాభై. అప్పటినుండి నాకు ఒక సూత్రం ఏర్పడింది. పాత బండిలో సామాను ధర చూడకూడదు, అది పోతే ఏమేమి పోతాయో చూడాలి. మూడువందల గొట్టం పది వేలకు ఎసరు పెడుతుంది. వంద రూపాయల బ్రేకు రబ్బరు ఇంకా పెద్దదానికే ఎసరు పెట్టగలదు.

బ్రేకుల సంగతి కనుక విడిగా చెప్పుకోవాలి. వెనక చక్రాల డ్రమ్ముల లోపల చిన్న వీలు సిలిండర్లు ఉంటాయి. వాటి రబ్బర్లు అరిగితే బ్రేకు నూనె డ్రమ్ము లోపలే కారుతుంది, బయటికి చుక్క కనిపించదు. రెండు గుర్తులు: డబ్బాలో నూనె మట్టం నెమ్మదిగా తగ్గుతుంది, పెడలును ఒక్కసారి తొక్కి అలాగే పట్టుకుంటే అది కిందికి జారిపోతుంది. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది గనుక, బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్ళకొకసారి మార్చాలి. మాకు బ్రేకు షూలు, వీలు సిలిండర్లు, మాస్టర్ సిలిండరు రబ్బర్లు, గొట్టాలు, కూలి కలిపి 4,300 అయింది. ఈ పద్దు మీద ఎన్నడూ బేరమాడలేదు.

మిగిలినవాటిని త్వరగా చెబుతాను. మొదటి గేరు వేసి క్లచ్చి వదలగానే అడుగున ‘టక్’ మని చప్పుడు వస్తే షాఫ్టు క్రాసు బేరింగులు అరిగినట్టు. రెండూ మార్చడానికి 1,600 ఇచ్చాను. ఆ చప్పుడును ఉపేక్షిస్తే ఒకనాడు షాఫ్టే ఊడి రోడ్డు మీద పడుతుంది. ఎక్కువ వేగంలో వెనకనుండి తుమ్మెద మోతలాగా వినిపిస్తే అది డిఫరెన్షియల్, పెద్ద ఖర్చు. కొనేటప్పుడే చెవి పెట్టి వినాలి. గేరు పడడానికి మొరాయిస్తే గేరుబాక్సు పోయిందని భయపడనక్కరలేదు. సీట్ల కింద నుండి పోయే లింకు రాడ్ల బుష్షులు అరిగి ఉండవచ్చు. మాకు అవీ స్టీరింగు ఎండ్లూ కలిపి 2,900లో తేలిపోయింది. బండి స్టార్టయి, రెండు నిమిషాలకు ఊపిరాడనట్టు ఆగిపోతుంటే టాంకులోని పెట్రోలు పంపును అనుమానించాలి.

జరుగుడు తలుపుకు మూడు చోట్ల రోలర్లు ఉంటాయి. అవి అరిగితే తలుపు కుంగి, పట్టాను రాచుకొని, సగంలో బిగుసుకుంటుంది. చాలామంది దీన్ని చిన్న విషయంగా భావించి ఒక తన్ను తన్ని వేస్తుంటారు. మా ఇంట్లో ఆ తలుపు కోసమే బండి కొన్నాము. అందుచేత కొన్న మొదటి నెలలోనే 2,200 పెట్టి రోలర్లూ పట్టాలూ మార్పించాను. ప్రతి నెలా పట్టాలో మట్టి తుడిచి, పలుచగా గ్రీజు రాస్తాను. అమ్మ ఆ పని చూస్తూ, మా నాన్నగారు గడియారానికి తాళం ఇచ్చినట్టు ఇస్తున్నావంటుంది.

ఇక పద్దు. 2022 జనవరి నుండి 2025 డిసెంబరు వరకు:

రేడియేటరు శుభ్రం, నీటి పంపు, గొట్టాలు – 5,400
తలుపు రోలర్లు, పట్టాలు – 2,200
బ్రేకులు – 4,300
నేల రేకు, రంగు – 14,500
క్లచ్చి సెట్టు, కేబులు – 6,100
క్రాసు బేరింగులు – 1,600
హెడ్ గ్యాస్కెట్, టైమింగ్ బెల్టు – 9,800
నాలుగు టైర్లు – 11,600
షాక్ అబ్జార్బర్లు, కమాను బుష్షులు – 6,400
పెట్రోలు పంపు, థ్రాటిల్ శుభ్రం – 3,900
బ్యాటరీ, సెల్ఫ్ మోటారు – 5,300
గేరు బుష్షులు, స్టీరింగు ఎండ్లు – 2,900
ఎనిమిది సార్లు ఇంజిను నూనె, ఫిల్టర్లు – 12,000

మొత్తం 86,000 రూపాయలు. కొన్న ధరకన్నా వెయ్యి ఎక్కువ. ఇంటికి వచ్చిన బంధువులు, “బండి ధర బండికే పెట్టావా?” అని ఆశ్చర్యపోతారు. కాని లెక్కను అలా చూడకూడదు. ఈ నాలుగేళ్ళలో బండి 41,000 కిలోమీటర్లు తిరిగింది. మరమ్మతు ఖర్చు కిలోమీటరుకు రెండు రూపాయల పది పైసలు. ఏడాదికి 21,500.

అద్దె కారుతో పోల్చి చూద్దాం. గుంటూరుకు తీసుకువెళ్ళి, అయిదు గంటలు ఆగి, తిరిగి తీసుకురావడానికి మా ఊళ్ళో 1,500 అడుగుతారు. ఏడాదికి 156 విడతలు, అంటే 2,34,000. మా వ్యానుకు లీటరుకు పద్నాలుగు కిలోమీటర్ల లెక్కన, లీటరు 110 అనుకుంటే, పెట్రోలుకు ఏడాదికి సుమారు 80,500, మరమ్మతులు 21,500, బీమా, కాలుష్య ధ్రువపత్రం కలిపి 3,000. మొత్తం 1,05,000. కొన్న ధరను నాలుగేళ్ళకు పంచి కలిపినా 1,26,000 దాటి కొద్దిగా. ఏడాదికి లక్షకు పైగా మిగులుతున్నది. ఆ లక్షే అమ్మ మందులకూ ఇంజక్షన్లకూ పోతున్నది. పాత బండి నాకు మిగిల్చినదేమిటని ఎవరైనా అడిగితే చెప్పగలిగిన సమాధానం అది.

ఇప్పుడీ లెక్క ఎందుకు తీయవలసి వచ్చిందో చెబుతాను. సొంత వాహనానికి మొదటి రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు. ఆ తరువాత అయిదేళ్ళకొకసారి ఫిట్‌నెస్ పరీక్ష చేయించి పునరుద్ధరించుకోవాలి. మా బండికి మొదటి పునరుద్ధరణ 2021లో పాత యజమానే చేయించారు. అప్పటికి కారుకు ఆ రుసుము 600 రూపాయలే. 2022 ఏప్రిల్ నుండి అది 5,000 అయింది. 2025 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 10,000 చేసింది. మా బండికి 2026 సెప్టెంబరుతో ఇరవై ఏళ్ళు నిండుతాయి. అంటే పదివేల రుసుము, దానిపై రాష్ట్ర హరిత పన్ను, పరీక్షకు నిలబడేలా తయారు చేయడానికి మరికొంత. ఒక్క ఊరట, 2025 సెప్టెంబరు 22 నుండి విడిభాగాలపై జీఎస్టీ 28 నుండి 18 శాతానికి తగ్గింది.

డబ్బు మాట అటుంచితే, ఇంకొక ప్రశ్న నన్ను ఎక్కువగా బాధిస్తున్నది. ఈ బండి 2019లో ఆగిపోవడానికి కారణం కొత్త భద్రతా నియమాలు. ముందు కూర్చున్నవారి మోకాళ్ళకూ ఎదురుగా వచ్చే వాహనానికీ మధ్య ఇందులో ఉన్నది ఒక్క పలుచని రేకు. గాలి సంచులు లేవు. ఏ మరమ్మతూ దీన్ని సరిచేయలేదు. అందుకే అమ్మను ఎప్పుడూ మధ్య సీటులోనే కూర్చోబెడతాను, ఆ సీటుకు నడుము పట్టీ వేయించాను, యాభై దాటి నడపను, పొగమంచు రోజుల్లో ఆలస్యంగా బయలుదేరుతాను. అయినా అవి జాగ్రత్తలే గాని రక్షణలు కావు. దీని స్థానంలో 2010 నుండి వస్తున్న ఈకోకూ జరుగుడు తలుపులున్నాయి, ఇప్పుడు గాలి సంచులూ ఉన్నాయి. కొత్తది అయిదు లక్షల పైచిలుకు. బండిని తుక్కుకు ఇస్తే, 2021 నాటి విధానం ప్రకారం కొత్త వాహనం పన్నులో రాయితీ వస్తుంది. కాని మిగిలిన లక్షలు నా దగ్గర లేవు. అరవై రెండేళ్ళ పింఛను లేని మనిషికి బ్యాంకు ఎంత కాలానికి అప్పిస్తుందో ఊహించుకోవచ్చు.

ఈ విషయం అమ్మ ముందు మాట్లాడకూడదనుకున్నాను. ఆమె వినకూడదనుకున్నవే ముందు వింటుంది. “ఎన్నేళ్ళకు కాగితం ఇస్తారురా దానికి?” అని అడిగింది. అయిదేళ్ళకన్నాను. కొంచెంసేపు లెక్క వేసుకుంది. “అయిదేళ్ళు నాకెందుకు? దానికి తక్కువకు ఇవ్వరా?” అన్నది. తక్కువకు ఇవ్వరమ్మా, అయిదేళ్ళే ఇస్తారన్నాను. “అయితే అయిదేళ్ళూ తిప్పాలి గాబోలు,” అని అటు తిరిగి పడుకుంది.

కనుక ఒక నిర్ణయానికి వచ్చాను. జూలైలో బండిని ఆటోనగర్ తీసుకువెళ్ళి ర్యాంపు మీద ఎక్కించి మూడు పరీక్షలు చేయిస్తాను. చాసిస్ దూలాలు, కమాన్లు తగిలే చోట్లు ఒకటి. బ్రేకు గొట్టాలు, సిలిండర్లు రెండు. స్టీరింగు, ముందు చక్రాల చేతులు మూడు. ఇంజిను గురించి అడగను. ఇంజిను ఆగితే దారిలో నిలబడతాము, అంతే. ఆ మూడింటిలో ఏది విరిగినా నిలబడటానికి దారి ఉండదు. మూడూ గట్టిగా ఉంటే పదివేలు కట్టి కాగితం తీసుకుంటాను, ఏడాదికి ఇరవై వేలు మరమ్మతుకు విడిగా తీసి ఉంచుతాను. దూలాల్లో తుప్పు కనిపిస్తే మాత్రం ఒక్క రూపాయి కూడా పెట్టను. బండిని తుక్కుకు ఇచ్చి, వాడిన ఈకో ఒకటి వెతుకుతాను. మేస్త్రికి ముందే చెప్పాను, నా ముఖం చూసి మాట మార్చవద్దని. “మీ ముఖం చూడను మాస్టారూ, అమ్మగారిని తలుచుకొని చెబుతాను,” అన్నాడు. అంతకన్నా గట్టి పూచీ నేను అడగలేను.

ఇరవై ఏళ్ళు దాటిన ఓమ్నీకి ఈమధ్య పునరుద్ధరణ చేయించిన మిత్రులెవరైనా ఉంటే, పరీక్షలో ఏమేమి చూశారో, దేనికి అభ్యంతరం చెప్పారో తెలియజేస్తే మేలు చేసినవారవుతారు. అలాగే చక్రాల కుర్చీ మనిషిని మోయడానికి ఈకోలో సీటు ఎత్తు ఎలా ఉంటుందో, వాడుతున్నవారు కొలిచి చెప్పగలరు. మా వ్యానులో నేల నుండి సీటు అంచు వరకు ముప్పై అంగుళాలు. నాకు కావలసింది ఆ ఒక్క కొలత.